రెండో చెవి సంతకం

నా ఎడమ చెవి వినబడదు. పూర్తిగా వినబడదని కాదు. పక్కింట్లో ఏదో చప్పుడవుతోందన్నంత వరకూ తెలుస్తుంది. ఆ చప్పుడు మిక్సీదో మనిషిదో తెలియదు. ఈ మాట ఇంతవరకూ నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, ఏ డాక్టరుకూ చెప్పలేదు, పన్నెండేళ్లుగా రోజూ రాసే డైరీలో కూడా రాయలేదు. డైరీ అమ్మ చదివే ప్రమాదం ఉండేది.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, నేను మూడేళ్లు చేసిన ఉద్యోగం ఇయర్‌ఫోన్లు విని, అవి పెట్టిన డబ్బుకు విలువైనవో కావో చెప్పడం.

ఆ పని నుంచి ఇరవై ఎనిమిదో ఏట రిటైరయ్యాను. కేకు కోశారు. రిటైరైనవాళ్లు కొత్తగా చేరేవాళ్లకు నాలుగు మాటలు చెప్పాలంటారు కాబట్టి, ఇలాంటి పనుల్లో చేరబోయే చెల్లెళ్లకూ తమ్ముళ్లకూ ఇది రాస్తున్నాను. నాలుగు మాటలు ఉండకపోవచ్చు. ఒకటి మాత్రం ఉంది.

మా నాన్న సైన్యంలో హవల్దారు. మాది శ్రీకాకుళం వైపే గానీ నేను పెరిగింది కంటోన్మెంట్లలో. ఢిల్లీ కంటోన్మెంట్‌లో ఉన్నప్పుడు, ఏడేళ్ల వయసులో, నా ఎడమ చెవి చీము కారింది. మిలిటరీ ఆసుపత్రిలో చుక్కల మందిచ్చారు. రెండు నెలలకు చీము ఆగింది. చెవి కూడా ఆగిందని నాకు తర్వాత తెలిసింది. "తగ్గిపోయింది కదమ్మా?" అని అమ్మ అడిగింది. అప్పటికే నా చెవి కోసం ఆమె చాలా బస్సులు ఎక్కి దిగింది. తగ్గిపోయిందన్నాను. బళ్లో చెవుల పరీక్ష పెట్టినప్పుడు నర్సు వెనక నిలబడి గుసగుసగా అంకెలు చెప్పేది, మేం తిరిగి చెప్పాలి. నా ముందు పదకొండు మంది అవే అంకెలు చెప్పారు. నాకు జ్ఞాపకశక్తి బాగానే ఉండేది.

ఆ తర్వాత పెద్ద కష్టమేమీ రాలేదు. తరగతిలో ఎడమ గోడ పక్కన కూర్చుంటే లోకమంతా కుడివైపే ఉంటుంది. పిలిచినప్పుడు పలక్కపోతే "సిగ్గు ఎక్కువ" అనేవారు. నాకు నిజంగానే సిగ్గు ఎక్కువ. అందువల్ల ఏది చెవి వల్లో, ఏది సిగ్గు వల్లో నాకే తెలిసేది కాదు.

ఇంగ్లీషులో ఎమ్మే చేసి, రాసే ఉద్యోగమని గురుగ్రామ్‌లోని ఆ కంపెనీకి అప్లై చేశాను. వస్తువులు కొనే ముందు జనం చదువుకునే రివ్యూలు వేసే వెబ్‌సైట్ అది. మిక్సీల గురించి రాస్తాననుకున్నాను. వైరున్న చవక ఇయర్‌ఫోన్లు ఇచ్చారు. వైర్లెస్ వచ్చాక అవి ఎవరికీ అక్కర్లేని విభాగం. కొత్తగా చేరినవాళ్లకు అవే ఇచ్చేవారు. వద్దనాలంటే నోరు తెరవాలి. తెరవలేదు.

మా దగ్గర పద్ధతి ఇది. ప్రతి జతకీ ఒక కాగితం. ధ్వని, మాటల స్పష్టత, మైకు, వైరు గట్టితనం, ఇలా గడులు. కింద రెండు సంతకాలు. విని రాసిన మనిషిది ఒకటి, మళ్లీ విని సరిచూసిన మనిషిది ఒకటి. ఆ కాగితం తయారుచేసినవాడెవడో గాని మొదటిదానికి 'ఫస్ట్ ఇయర్' అని, రెండోదానికి 'సెకండ్ ఇయర్' అని పెట్టాడు. మొదటి చెవి, రెండో చెవి అని అతని ఉద్దేశం. మా ఇద్దరు తెలుగువాళ్లకు మాత్రం అది ఇంటర్మీడియట్‌లా వినిపించేది.

రెండో తెలుగు మనిషి మా శాంపిల్ స్టోరు చూసే అక్క. వరంగల్ ఆమెది. నాకంటే పద్నాలుగేళ్లు పెద్ద. వచ్చిన ప్రతి పెట్టెనీ విప్పి, నంబరు వేసి, అలమరాలో పెట్టి, నేను విన్నాక తను విని సంతకం చేసేది.

"ఏం జేస్తం పిల్లా, నీది ఫస్ట్ ఇయర్, నాది సెకండ్ ఇయర్. ఆరేండ్ల సంది ఇదే క్లాసుల ఉన్న, పాసైతలేను," అనేది. నేను చేరిన మొదటి రోజు అన్న మాట అది. తర్వాత వారానికోసారి అనేది. ప్రతిసారీ నవ్వాను. కొన్నిసార్లు వినబడకుండానే నవ్వాను.

ఒక్క చెవితో ఈ పని ఎలా చేశావని మీరు అడగొచ్చు. బాగా చేశాను. కుడివైపుది కుడిచెవిలో పెట్టుకుని వినేదాన్ని. తర్వాత ఎడమవైపుది తీసి, అదీ కుడిచెవిలోనే పెట్టుకుని వినేదాన్ని. రెండింటినీ ఒకే చెవి విన్నది కాబట్టి వాటి మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా నాకు దొరికేది. మిగతావాళ్లు ఒక్కో చెవితో ఒక్కోటి వినేవారు. వాళ్ల చెవులు రెండూ ఒకలా ఉండవన్న సంగతి వాళ్లకు తెలియదు. ఎడమవైపు ఇసుమంత తగ్గిందని నేను రాస్తే, యంత్రం పెట్టి చూసి, నిజమేనని తేల్చేవారు. వీడియోలు చేసే ఢిల్లీ సహోద్యోగి నాకు 'సోనే కే కాన్' అని పేరు పెట్టాడు. బంగారు చెవులు. బహువచనం. నేను సరిదిద్దలేదు.

ఆ యంత్రం గురించి కూడా చెప్పాలి. బల్ల మీద ఒక రబ్బరు చెవి, దాని వెనక మైకు, ఆ వెనక కంప్యూటరు. అది కూడా ఒక్క చెవే. కుడివైపుది పెట్టి కొలిచి, తీసి, ఎడమవైపుది పెట్టి కొలవాలి. దాన్నీ నన్నూ ఒకే పద్ధతిలో చేసినట్టుండేది. ఆఫీసులో నాకు ఎక్కువ చనువు దానితోనే.

నా దగ్గర ఇంకో సాధనం ఉండేది. అమ్మ పంపిన వాయిస్ మెసేజ్. "పళ్లెంలో పల్లీలు పోసి ఎండలో పెట్టు, కళ్లుప్పు మాత్రం కలపకు, కాళ్లకి తగిలేలా కింద పెట్టకు" అని ముప్పై సెకన్లు. చవక రకాల్లో చాలావాటిలో 'ల'కూ 'ళ'కూ తేడా పోయేది. పళ్లెమూ పల్లీలూ ఒకటైపోయేవి. ఏ ఇయర్‌ఫోన్లో అమ్మ 'ళ' అమ్మదిగానే వినిపిస్తే దానికి మాటల స్పష్టతలో మంచి మార్కు. కాగితంలో మాత్రం 'నిర్ణీత ప్రసంగ నమూనా ద్వారా' అని రాసేదాన్ని. ఢిల్లీ సహోద్యోగికి ఒకసారి వినిపించాను. "రెండూ ఒకటే కదా?" అన్నాడు. ఇయర్‌ఫోన్ తీసేసి నా నోటితో చెప్పాను. "ఒకటే కదా?" అన్నాడు.

ఒక్క గడి మాత్రం నాకు చేతకాదు. గొంతు ఎక్కడుంది, వాద్యాలు ఎటువైపున్నాయి, పాట తలలో ఎంత మేర పరుచుకుందని అడిగే గడి అది. దానికి రెండు చెవులు కావాలి. మొదట్లో ఆ గడిలో 'ధరకు తగ్గట్టు ఉంది' అని రాసేదాన్ని. ఆ మాటకు అర్థం లేదు కాబట్టి తప్పు కూడా లేదు. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత అక్క వినే పద్ధతి చూశాక నా పని సులువైంది. ఆమె ఇయర్‌ఫోన్లు రెండూ పెట్టుకుని, కళ్లు మూసుకుని, సోంపు నములుతూ పైకే మాట్లాడేది.

"గొంతు నడుమల్నే ఉన్నది. డోలు గీ పక్కకు. వయొలిన్ గంత దూరం బోయి కూసున్నది ఎందుకో... మంచిగనే ఉన్నది తియ్."

నేను తల వంచుకుని అవన్నీ నా గడిలో ఎక్కించేదాన్ని. ఆమె వాగుడును ఆమెకు తెలియకుండా వాడుకుంటున్నానని కొంచెం తప్పుగా అనిపించేది. డైరీలో రాసుకున్నాను కూడా: 'ఈ రోజు కూడా అక్క మాటలు కాజేశాను. మాట్లాడే మనిషి పక్కన కూర్చోవడం లాభం.'

పక్కన అంటే కుడిపక్కన. ఒకసారి సీట్లు మార్చినప్పుడు ఆమెకు నా ఎడమవైపు కుర్చీ వచ్చింది. "నాకు ఏసీ గాలి పడ్తలేదు, నువ్వు గటు జరుగు పిల్లా," అని మార్చేసుకుంది. ఆఫీసు క్యాబ్‌లో కూడా నన్ను ఎడమ కిటికీ దగ్గరికి తోసేది. ఆమెకు కిటికీ పక్క ఎండ పడదనుకున్నాను.

చవక ఇయర్‌ఫోన్ విలువ ఎలా కట్టాలన్నది నేను మెల్లగా నేర్చుకున్నాను. కొత్తవాళ్లు పాటలు వింటారు. పాటలు రెండో సంగతి. నాలుగు వందల లోపు పెట్టి వైరు ఇయర్‌ఫోన్ కొనేది ఎవరో మెట్రోలో చూడండి. ఊళ్లో భార్యతో మాట్లాడే సెక్యూరిటీ గార్డు, పరీక్షకి పాఠాలు వినే అమ్మాయి, చార్జింగ్ అయిపోయే వస్తువంటే నమ్మకం లేని ఆంటీ. వాళ్లకు కావలసింది మనిషి గొంతు. క్యాబ్ డ్రైవర్లయితే ఒకటే చెవిలో పెట్టుకుని, రెండోది చొక్కా మీద వేలాడనిస్తారు. వాళ్లను చూస్తే నాకు బంధువుల్లా అనిపించేవారు.

నేను మయూర్ విహార్ నుంచి రాజీవ్ చౌక్‌లో మారి గురుగ్రామ్ చేరేసరికి పుస్తకంలో ఒక అధ్యాయం అయ్యేది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండేవి. రెండో కొస జేబులో ఉండేది, దేనికీ తగిలించకుండా. వైరు కనిపిస్తే చాలు, మన పక్కన కూర్చున్నవాళ్లు "ఏ ఊరు, ఏం చేస్తావు, పెళ్లయిందా" అని అడగరు. వైర్లెస్‌కు ఈ గుణం లేదు. ఈ విలువకు మా కాగితంలో గడి లేదు. ఒకసారి ప్రతిపాదిద్దామనుకున్నాను. నోరు తెరవాలి.

మూడో ఏడు వేసవి ముందు నోయిడా నుంచి ఒకాయన ఒక ఇయర్‌ఫోన్ల జత పంపాడు. చిన్న యూనిట్. పదిహేను మంది ఆడవాళ్లు బల్లల దగ్గర కూర్చుని సోల్డరింగ్ చేస్తారు. పెద్ద కంపెనీలకు పేరు లేకుండా చేసిచ్చిన మనిషి, మొదటిసారి తన పేరు మీద అమ్మదలిచాడు. పెట్టెలో ఉత్తరం ఉంది, హిందీలో, చేత్తో రాసింది. పూర్తి బ్యాచ్ మొదలుపెట్టే ముందు మీ అభిప్రాయం కావాలి, లోపం ఉంటే ఇప్పుడే చెప్పండి, తర్వాత దిద్దుకోలేను అని.

అది శుక్రవారం. డైరీ నా ముందుంది: 'కుడి: బాగుంది. ఎడమ: బాగుంది. అమ్మ ళ: చాలా బాగుంది. మూడేళ్లలో ఇంత బాగా వినలేదు.' నిజంగానే. అమ్మ పక్కన నిలబడి నన్ను తిడుతున్నట్టే ఉంది. యంత్రం కూడా మెచ్చుకుంది. నేను ఉత్సాహంగా రాయడం అరుదు. ఆ రోజు రాశాను: 'ఈ ధరలో ఇంత నిజాయితీగా మాట్లాడే ఇయర్‌ఫోన్ ఇంకోటి లేదు.'

అక్క ఆ రోజు అత్తగారిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బ్యాగు భుజానికి వేసుకుని, చెప్పులు తొడుక్కుంటూ వచ్చింది.

"ఏమన్న ఉన్నదా పిల్లా?"

"ఒకటుంది. చాలా బాగుంది అక్కా. సోమవారం విను కావాలంటే."

"సోమవారమా? సారు ఇయ్యాల్నే కావాలన్నడు గదనే." అని కాగితం చూసి, నన్ను చూసి, గడియారం చూసింది. "నువ్వు చాలా బాగున్నదని ఎన్నడన్న అన్నవా? ఇగ నేనేం వింట?" సంతకం చేసి వెళ్లింది. సోంపు నమల్లేదు, వయొలిన్ ఎక్కడుందో చెప్పలేదు. నాకు చేతకాని ఆ గడిలో నేను చాలా రోజుల తర్వాత మళ్లీ 'ధరకు తగ్గట్టు ఉంది' అని రాశాను.

మేం ఇచ్చే పెద్ద ముద్ర 'పూరా వసూల్'. పెట్టిన ప్రతి పైసా తిరిగొచ్చినట్టే అని. దానికి ఆ ముద్ర పడింది. నోయిడా ఆయన బ్యాచ్ మొత్తం చేయించాడు. నా వాక్యాన్ని హిందీలోకి మార్చి పెట్టెల మీద అచ్చు వేయించాడు. ఒక పెట్టె మాకు మిఠాయితో పాటు పంపాడు. నా వాక్యం అచ్చులో చూసుకోవడం అదే మొదటిసారి. ఆ అట్టముక్కను కత్తిరించి డైరీలో అంటించాను.

నెలన్నరకు కొన్నవాళ్ల అభిప్రాయాలు రావడం మొదలైంది. సగం మంది అయిదు నక్షత్రాలు, సగం మంది ఒకటి. మధ్యలో ఎవరూ లేరు. "గొంతు దెయ్యంలా తల వెనక నుంచి వస్తోంది" అని ఒకరు. "బేస్ ఎవరో తాగేశారు" అని ఒకరు. "అమ్మతో మాట్లాడుతుంటే అమ్మ పక్కనే ఉన్నట్టుంది, దేవుడు చల్లగా చూడాలి" అని ఒకరు. ఢిల్లీ సహోద్యోగి వాటిని చదివి వినిపించి, "క్యాబ్ డ్రైవర్లంతా అయిదు ఇస్తున్నారు, కాలేజీ వాళ్లంతా ఒకటి. కులాల గొడవలా ఉంది," అన్నాడు.

ఒక రోజు ఇంటికి పోతూ మెట్రోలో ఫోన్లో ఇంకొకటి చదివాను. 'ఏది ఒక్కటి పెట్టుకున్నా బాగుంది. రెండూ పెట్టుకుంటే గొంతు మాయం.' మళ్లీ చదివాను. రాజీవ్ చౌక్ దాటిపోయింది. అక్కడి నుంచి ఇంకో నాలుగు స్టేషన్లు దాటిపోయాయి.

చిన్న విషయమే. ఇయర్‌ఫోన్ లోపల పల్చటి పొర ఉంటుంది. పాట వస్తే రెండు పక్కల పొరలూ ఒకేసారి ముందుకు రావాలి, ఒకేసారి వెనక్కి పోవాలి. ఒక పక్క రెండు తీగలు తారుమారుగా అతికితే, ఇది ముందుకు వచ్చినప్పుడు అది వెనక్కి పోతుంది. ఏ పక్కకు ఆ పక్క చూస్తే లోపమేమీ ఉండదు. రెండూ కలిసినప్పుడే నడుమ ఉండాల్సిన గొంతు చెదిరిపోతుంది. రెండు చెవులున్న మనిషి ఎవరైనా అయిదు సెకన్లలో పట్టుకుంటాడు. రబ్బరు చెవి పట్టుకోలేదు. నేనూ పట్టుకోలేను. ఈ దేశంలో ఇయర్‌ఫోన్ రివ్యూలు రాసేవాళ్లందరిలో ఈ ఒక్క లోపాన్ని పట్టుకోలేని మనిషిని వెతికి మరీ పంపినట్టు, ఆయన ఆ జతను నాకే పంపాడు.

మర్నాడు ఉదయం మేనేజరు గదిలో మీటింగ్. కొన్నవాళ్ల ఫిర్యాదులు చదివి నోయిడా ఆయన వచ్చాడు. యాభై దాటినవాడు, ఇస్త్రీ చొక్కా, చేతి వేళ్ల మీద పాత సోల్డరింగ్ మచ్చలు. అరవలేదు. అరుస్తాడనుకుని సిద్ధపడ్డ మేనేజరుకు ఏం చేయాలో తోచలేదు. ఆయన సంచిలోంచి రెండు జతలు తీశాడు. ఒకటి బ్యాచ్‌లోది, ఒకటి ఆ పొద్దున్నే తన చేత్తో తీగలు మార్చి అతికించినది. "రెండూ వినండి మేడమ్ జీ, సార్ జీ. నాకు ఇంకేమీ వద్దు. అది నా తప్పు అవునో కాదో తేలాలి."

అందరూ హిందీలోనూ ఇంగ్లీషులోనూ మాట్లాడారు. నేను తెలుగులో రాస్తున్నాను.

జత చేతులు మారింది. బ్యాచ్‌ది పెట్టుకోగానే ప్రతి ముఖమూ ఒకేలా ముడుచుకుంది, నిమ్మకాయ కొరికినట్టు. ఢిల్లీ సహోద్యోగి, "అరే, గాయకుడు బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకున్నాడు," అన్నాడు. నా వంతు వచ్చింది. రెండూ పెట్టుకున్నాను. బాగుంది. దిద్దిన జత పెట్టుకున్నాను. బాగుంది. అచ్చం ఒకలాగే ఉంది. అందరూ నా ముఖం చూస్తున్నారు. బంగారు చెవులు.

నేను నిమ్మకాయ ముఖం పెట్టాను. ఏడేళ్ల వయసు నుంచి చేస్తున్న పనే.

మేనేజరు తల ఆడించి అక్క వైపు తిరిగాడు. ఆ నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు తిరగరాయాలి. ఇద్దరు పిల్లల చదువు దాని మీద ఉంది. గదిలో అందరికీ తెలుసు.

"మొదటి చెవి ఒక్కోసారి పొరబడుతుంది. అందుకే రెండో చెవి పెట్టుకున్నాం. మీకిది వినిపించలేదా?"

"వినలేదు సార్," అంది అక్క. బల్ల వైపు చూస్తూ.

"వినకుండా సంతకం చేశారా?"

"చేసిన సార్."

"ఇన్నేళ్లుగా ఇలాగే చేస్తున్నారా?"

అక్క బల్ల వైపే చూస్తోంది. చెప్పడానికి ఉంది. ప్రతి జతా పది నిమిషాలు కళ్లు మూసుకుని విన్న మనిషి. ఆ ఒక్క శుక్రవారం తప్ప. ఆ శుక్రవారం చాలా బాగుందని చెప్పింది నేను. ఆ మాట అంటే సరిపోతుంది. ఆమె అనడం లేదు. మేనేజరు పెన్ను తీసి ఏదో రాసుకుంటున్నాడు. ఆయన పెన్ను తీయడం నేను అంతకుముందు రెండుసార్లే చూశాను. రెండుసార్లూ ఎవరో ఒకరు వెళ్లిపోయారు.

నేను ఆఫీసు మీటింగ్‌లో అడగకుండా మాట్లాడటం మూడేళ్లలో అదే మొదటిసారి. గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియలేదు. బహుశా తల వెనక నుంచి.

"సార్. నేనే వినలేదు. ఒక్కోటి విడిగా విన్నాను. రెండూ కలిపి వినలేదు. చాలా బాగుందని నేనే చెప్పాను. అక్క మూడేళ్లుగా ప్రతిదీ విన్నది. ఇది ఒక్కటే, నా మాట మీద."

"రెండూ కలిపి ఎందుకు వినలేదు?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే.

తెలుగులో 'వినలేదు' వేరు, 'వినబడలేదు' వేరు. నడుమ రెండక్షరాలు. వినలేదంటే నిర్లక్ష్యం. వినబడలేదంటే మూడేళ్ల కాగితాలన్నీ మళ్లీ తీస్తారు, తర్వాత అమ్మకు తెలుస్తుంది, అమ్మ ఆ బస్సులన్నీ మళ్లీ ఎక్కుతుంది. హిందీలోనూ ఈ రెండు మాటలూ వేరే.

"మరిచిపోయాను సార్," అన్నాను.

నిర్లక్ష్యమని రాసుకున్నాడు. అలాంటి పెద్ద పదం నా పేరు పక్కన ఎవరూ ఎప్పుడూ రాయలేదు. సిగ్గు అని రాయడం కంటే మెరుగనిపించింది.

నోయిడా ఆయన అప్పటిదాకా నన్నే చూస్తున్నాడు. "మా చెకింగ్ అమ్మాయి కూడా ఒక్కో పక్కే మీటర్ పెట్టి చూసింది బేటా," అన్నాడు. "రెండు తీగలే. అన్నీ విప్పి మళ్లీ అతికిస్తాం, నెల పడుతుంది."

"పెట్టె మీది వాక్యం తీసేయండి అంకుల్," అన్నాను.

"పెట్టెలు అచ్చయిపోయాయి కదా. లోపలిది మార్చి వాక్యాన్ని నిజం చేస్తాను. అది చవక."

ఆయన నిజం చేశాడనే విన్నాను. మా సైట్లో సవరణ నేనే రాశాను, 'పొరపాటు మాది' అని మొదలుపెట్టి. అక్క కాంట్రాక్టు తిరగరాశారు, సంతకం చేసే ముందు వినాలన్న కొత్త నిబంధనతో. ఆమె అది చదివి "మంచిగ రాసిన్రు," అంది. ఆ రోజు సంగతి మేమిద్దరం మళ్లీ ఎత్తలేదు. నన్ను ఎలక్ట్రిక్ కెటిల్స్‌కి మార్చారు. కెటిల్స్‌కి చెవులు అక్కర్లేదని వాళ్ల లెక్క. నీళ్లు మరిగాక అవి ఎడమవైపు నుంచి పెట్టే 'టిక్' శబ్దం గురించి నేనేమీ అనలేదు. అయిదు నెలలు చూసి, నోయిడాలో పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దే ఉద్యోగం దొరికితే మానేశాను. అక్షరాలు ఎటు పక్కన కూర్చున్నా కనిపిస్తాయి.

చెప్తానన్న ఒక్క మాట ఇది. మీరు ఏ పనిలో చేరినా కాగితంలో మీకు చేతకాని గడి ఒకటుంటుంది. దాన్ని 'ధరకు తగ్గట్టు'తో నింపకండి. ఖాళీగా వదలండి. ఖాళీ గడి చూస్తే ఎవరో ఒకరు ఎందుకని అడుగుతారు. నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదు. అయినా మీకు చెప్తున్నాను.

ఆఖరి రోజు సాయంత్రం కేకు అయ్యాక అక్క నాతో మెట్రో దాకా వచ్చింది. దారంతా నా కుడిపక్కన నడుస్తూ తన కూతురి మార్కుల గురించి, కేకు గురించి మాట్లాడింది. "గుడ్డు లేని కేకట. ఉత్త బ్రెడ్డు తిన్నట్టే ఉన్నది." ప్లాట్‌ఫారం మీద జనం తోసేసరికి ఆమె ఎడమపక్కకి వచ్చింది. రైలు వస్తోంది. ఆమె ఏదో అంది. పెదాలు కదలడం చూశాను. ఎప్పటిలాగే నవ్వి, తల ఊపాను.

అక్క నా ముఖం కేసి చూసింది. జనాన్ని తోసుకుంటూ నా వెనక నుంచి తిరిగి కుడివైపుకి వచ్చింది. నా భుజం పట్టుకుని, చెవికి దగ్గరగా వంగి, అదే మాట మళ్లీ చెప్పింది.

"నీకు ఒక్కటే పనిజేస్తదని మొదటి నెల్లనే తెల్సింది పిల్లా. గందుకే గద నేను సెకండ్ ఇయర్‌ల ఉన్నది. గా ఒక్క శుక్రారం ఫెయిలైన."